బయోమెడికల్ పీహెచ్‌డీ: క్లాసులు ఓకే, అసలు చదువు రొటేషన్లలోనే

అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో బయోమెడికల్ సైన్సెస్ పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నాను. మన దగ్గర ఎమ్మెస్సీ చేసి వచ్చేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

మొదటి ఏడాది కోర్ కోర్సులో సెల్ సిగ్నలింగ్, డీఎన్‌ఏ రిపేర్, ఇమ్యునాలజీ వగైరా ఉంటాయి. ఎమ్మెస్సీ చదివినవాళ్లకు చాలావరకు తెలిసిన పాఠాలే. కొత్తగా అనిపించేది పేపర్ డిస్కషన్. ఈ బొమ్మలో కంట్రోల్ (పోల్చి చూసేందుకు పెట్టే నమూనా) ఏది, అది లేకుండా ఈ మాట ఎలా అన్నారు అని నిలదీస్తారు. బట్టీ పట్టినవాళ్లు అక్కడ దొరికిపోతారు.

స్టాటిస్టిక్స్ కోర్సు బ్రహ్మాండం, కానీ రెండో ఏడాదిలో పెట్టారు. ఒకే ప్లేట్‌లో మూడు వెల్స్ (చిన్న గుంటలు) కొలిస్తే అవి మూడు ప్రయోగాలు కావని, శాంపిల్ సంఖ్య ఒకటేనని అప్పుడు చెప్పారు. ఆ పాటికే అందరం రొటేషన్లలో (ఒక ల్యాబ్‌లో చేరే ముందు వేర్వేరు ల్యాబ్‌లలో కొన్ని వారాలు చేసే పనిలో) గ్రాఫులు గీసేశాం! ఇది మొదటి సెమిస్టర్‌లోనే ఉండాలి.

రొటేషన్లు మూడు, ఒక్కోటి సుమారు పది వారాలు. ల్యాబ్‌ని పీఐ (ల్యాబ్ నడిపే ప్రొఫెసర్) పేరు చూసి ఎంచుకోవద్దు, పక్క బెంచీలో ఎవరుంటారో చూడండి. పేరుమోసిన ఒక ల్యాబ్‌లో నా చేతికి ప్రోటోకాల్ ప్రింటవుట్ ఇచ్చి వదిలేశారు. మరో చిన్న ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్ పక్కనే నిలబడి అన్నీ చేయించింది. కొత్త యాంటీబాడీ వస్తే ముందు ఏ డైల్యూషన్ (ఎంత పలుచన) సరిపోతుందో తేల్చుకోవడం, సెల్స్‌కి మైకోప్లాస్మా (కల్చర్‌లో కనిపించకుండా చేరే బ్యాక్టీరియా) పరీక్ష క్రమం తప్పకుండా చేయడం, తొలి పాసేజీల్లోనే (సెల్స్‌ని కొత్త డిష్‌లోకి మార్చే తొలి విడతల్లోనే) కొన్ని వయల్స్ ఫ్రీజ్ చేసి దాచడం ఆవిడ దగ్గర నేర్చుకున్నవే. నేను ఆ ల్యాబ్‌లోనే చేరాను.

ఎలుకల పని పద్ధతిగా నేర్పారు. ముందు ఆన్‌లైన్ పాఠం, తర్వాత వెటర్నరీ సిబ్బంది దగ్గర ప్రాక్టీసు, వాళ్లు సంతకం పెట్టేదాకా ఎలుకను ముట్టుకోనివ్వరు. ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధనా సంస్థ) నిబంధన ప్రకారం కనీసం 8 గంటల పరిశోధనా నైతికత క్లాసులు కూడా ఉంటాయి. కొన్ని నిద్రొచ్చేవే, కానీ వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను గుర్తించే పరీక్ష) బొమ్మల్ని అతికించి మోసం చేసిన కేసుల మీద జరిగిన క్లాసు మాత్రం వదులుకోకండి.

పీహెచ్‌డీ కొనసాగాలంటే పాసవ్వాల్సిన క్వాలిఫయింగ్ పరీక్షంటే అందరికీ టెన్షనే. ఎన్‌ఐహెచ్ ఫెలోషిప్ నమూనాలో ఒక పేజీ లక్ష్యాలు, ఆరు పేజీల ప్రణాళిక రాయాలి. మొదటి లక్ష్యం ఫెయిలైతే రెండోది నిలబడుతుందా అన్న ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోండి, తప్పకుండా అడుగుతారు.

లోటల్లా కోడింగ్. ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటా చేతికొచ్చాక ‘ఆర్’ (డేటా విశ్లేషణకు వాడే ప్రోగ్రామింగ్ భాష) సొంతంగా నేర్చుకోవాల్సి వచ్చింది. ఇంకొకటి, రొటేషన్ మొదలుపెట్టే ముందే ఆ పీఐ దగ్గర కొత్త స్టూడెంట్‌ని తీసుకునేందుకు గ్రాంటు డబ్బు ఉందో లేదో మొహమాటపడకుండా అడగండి.