సింప్సన్స్, సౌత్ పార్క్: చిన్నపిల్లలకు ఆపేయడం మేలా, పక్కన కూర్చుని చూపించడం మేలా?

బొమ్మలు కదిలితే అది పిల్లల ప్రోగ్రామే అనుకుని రిమోట్ వాళ్ల చేతికిచ్చి పనుల్లో పడిపోయే తల్లిదండ్రులు చాలామంది. సింప్సన్స్, ఫ్యామిలీ గై, సౌత్ పార్క్ అనే అమెరికన్ కార్టూన్ సీరియళ్లు మూడూ పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవే. అలాగని మూడింటినీ ఒకే గాటన కట్టలేం. అమెరికా టీవీ రేటింగుల్లో సౌత్ పార్క్‌ది టీవీ-ఎంఏ, అంటే పెద్దలకు మాత్రమే. ఫ్యామిలీ గైకి ఎక్కువగా టీవీ-14 ఇస్తారు, అంటే పద్నాలుగేళ్ల లోపు వాళ్లకు తగకపోవచ్చని. సింప్సన్స్ ఎపిసోడ్‌ని బట్టి టీవీ-పీజీ (పెద్దవాళ్లు ఓ కన్నేసి ఉంచాలని), టీవీ-14 మధ్య తిరుగుతుంటుంది.

సౌత్ పార్క్ గురించి చర్చే అక్కర్లేదు, చిన్నపిల్లలకు వద్దు. దీన్ని ఎవరూ చూడకూడదని ఎపిసోడ్ మొదట్లో తీసినవాళ్లే సరదాగా హెచ్చరిక వేస్తారు. అసలు చిక్కు ఏంటంటే, అందులో ముఖ్య పాత్రలు బడి పిల్లలు. తన ఈడు వాళ్లు కనిపించగానే అది తన కోసమే అనుకుంటారు పిల్లలు.

తేల్చుకోవాల్సింది సింప్సన్స్ సంగతే. ఐదారేళ్ల వాళ్లకైతే ఆపేయడమే మేలు. అందులో తండ్రి హోమర్‌కి కోపం వస్తే కొడుకు బార్ట్ గొంతు పిసుకుతాడు, మరుక్షణం అంతా మామూలే. అది వెటకారమని పెద్దవాళ్లకు తెలుస్తుంది, ఆ వయసుకి తెలియదు. ఈ గొడవ మీద సింప్సన్స్ వాళ్లే 1990లో ఒక ఎపిసోడ్ తీశారు. పసిపిల్ల మ్యాగీ టీవీలో పిల్లీ ఎలకా కొట్టుకోవడం చూసి, సుత్తి తెచ్చి తండ్రి నెత్తిన ఒక్కటిస్తుంది. తల్లి మార్జ్ ఆ కార్టూన్ మీద పోరాటం మొదలుపెడుతుంది. చివరికి మైకెలాంజెలో చెక్కిన 'డేవిడ్' నగ్న శిల్పాన్ని కూడా ఆపాలని జనం ఆమె మద్దతు అడిగేసరికి ఇరుక్కుపోతుంది. నిషేధం ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలియదన్నది వాళ్ల ఎత్తిపొడుపు. నిజమే కానీ, నా లెక్కలో ఆ వాదన పెద్దవాళ్ల విషయంలోనే చెల్లుతుంది. ఐదేళ్ల బిడ్డకు ఒక ప్రోగ్రాం ఆపితే కళకేం అన్యాయం జరగదు.

ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చాక మాత్రం పక్కన కూర్చుని చూపించడం వైపే నేను మొగ్గుతాను. మధ్యలో ఆపి, "ఇప్పుడు ఎవర్ని చూసి నవ్వావు?" అని అడగండి. హోమర్ బద్ధకాన్ని చూసి అంటే సరే. పక్కింటి ఫ్లాండర్స్ అందరికీ సాయం చేస్తాడు కాబట్టి వాడు పిచ్చోడు అంటే ఇంకో ఏడాది ఆగొచ్చు. కాకపోతే ఈ పద్ధతికి ఓపిక కావాలి. సోఫాలో పక్కనే ఉండి ఫోన్ చూసుకుంటే అది కలిసి చూసినట్టు కాదు. మీరు పగలబడి నవ్వినప్పుడు "ఎందుకు నవ్వావు నాన్నా?" అని అడిగితే జవాబు చెప్పడానికీ సిద్ధంగా ఉండాలి, అదో టెన్షన్.

రేటింగ్ లాక్ పెట్టి వదిలేయడం మూడో దారి. అది టీవీ-ఎంఏని ఆపుతుంది గానీ, హోమర్ గొంతు పిసికే టీవీ-పీజీ ఎపిసోడ్‌ని ఆపదు.

చూపించడం మొదలుపెడితే బార్ట్ చెల్లెలు లిసా చుట్టూ తిరిగే పాత ఎపిసోడ్లు ఎంచుకోండి. ఏటా హాలోవీన్‌కి వచ్చే 'ట్రీహౌస్ ఆఫ్ హారర్' భాగాల్లో రక్తం, నరుకుళ్లు ఎక్కువ, వాటిని ఇప్పుడే పెట్టకండి.