పర్లాకిమిడి బజారులో పెయింటు షాపు: థిన్నర్ కొనేవాళ్లు ఇక్కడే కొనండి

తలుపులకి పాలిష్ పని ఉండి ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ రకం పాలిష్‌ని పలచన చేసే ద్రవం), టర్పెంటైన్, అవిసె నూనె ఈ షాపులో తీసుకున్నాను. రేటు కాస్త ఎక్కువే, బిల్లు రాయడానికి చాలాసేపు పడుతుంది. అయినా ఐదు స్టార్లు ఇస్తున్నాను, ఎందుకంటే నిప్పు అంటుకునే సరుకుని ఎలా అమ్మాలో షాపాయనకి బాగా తెలుసు.

డబ్బాల మీద కొన్నిటికి ఫ్లేమబుల్ అని, కొన్నిటికి ఇన్‌ఫ్లేమబుల్ అని ఉంటుంది. రెండూ ఒకటే, తేలిగ్గా అంటుకుంటుందనే. ముందు 'ఇన్' చూసి ఇది అంటుకోదు అనుకునేవాళ్లు పాలిష్ పనివాళ్లలో కూడా ఉన్నారు, అది చాలా ప్రమాదం. అందుకే ఆయన ఆ రాక్ మీద తెలుగులో, ఒడియాలో పెద్ద అక్షరాలతో 'నిప్పు దగ్గర పెట్టొద్దు' అని రాయించారు. చదువు రానివాళ్లకి డబ్బా మీద ఎర్ర అంచు డైమండ్‌లో ఉన్న మంట బొమ్మ చూపించి చెబుతారు.

నేను అడిగితే ఓపిగ్గా వివరించారు. టర్పెంటైన్ ఆవిరి సుమారు 35 డిగ్రీల దగ్గరే నిప్పురవ్వకి అంటుకుంటుంది, మన ఎండాకాలంలో ఆ వేడి మామూలే కదా. చాలా థిన్నర్లలో ఉండే టోలీన్‌కైతే 4 డిగ్రీలు చాలు, అంటే చలికాలం పొద్దున కూడా భయమే. పైగా ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ పక్క గదిలో స్టవ్ దాకా పోగలదు. "బాబూ, పొయ్యి వెలిగించే చోటుకి దగ్గర్లో ఈ పని పెట్టించకండి" అన్నారు. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే అగ్గిపుల్ల లేకుండానే వేడెక్కి అంటుకుంటాయట, బయట విడివిడిగా పరిచి ఆరబెట్టమన్నారు. ఈ మాట ఇంకే షాపులోనూ ఎవరూ నాకు చెప్పలేదు.

నీళ్ల సీసాలో పోసివ్వమంటే మాత్రం ఎంత బతిమాలినా ఒప్పుకోరు. పిల్లలు మంచినీళ్లనుకుని తాగేస్తే ఎవరిది బాధ్యత, ఆయన పట్టుదల సరైనదే. గుమ్మం పక్కనే ఇసుక బకెట్లున్నాయి, టర్పెంటైన్ నీళ్ల మీద తేలుతుంది కాబట్టి నీళ్లు కొడితే మంట ఇంకా పాకుతుంది.

లీటరు కన్నా చిన్న డబ్బాలు మాత్రం దొరకలేదు. అవి కూడా తెప్పిస్తే బాగుంటుంది, చిన్న పనికి లీటరు కొని మిగిలినది ఇంట్లో దాచుకునే అవసరం ఉండదు.