పెరట్లో తెలియని మొక్క మొలిస్తే ఎవరిని అడగడం మేలు?

మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడితే చాలు, పాలమూరు, నల్లగొండ ఎర్రనేలల్లోని పెరళ్లలో మనం వేయని మొక్కలు లేస్తాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఆలోచిస్తే సగం గుర్తు అక్కడే దొరుకుతుంది. ట్రాక్టరుతో చెరువు మట్టి తోలించి ఉంటే తుంగ, పొన్నగంటి, గుంటగలగర రావచ్చు. మేకల ఎరువు వేస్తే సర్కారు తుమ్మ తప్పదు, మేక ఆ కాయలు తిన్నా గింజల్లో కొన్ని అరగకుండా బయటికి వస్తాయి. గోడ వారన వేప, రావి మొలిస్తే అది పిట్టల పని. నర్సరీ కుండీలో పక్కన లేచినది ఏ దేశపు మొక్కైనా కావచ్చు.

ఏది ఉంచాలి, ఏది పీకాలి, ఏది కూర వండుకోవచ్చు అని అడగడానికి ఇప్పుడు మూడు దారులున్నాయి. ఒకటి చేతిలోని ఫోను. రెండోది పొలంలో కలుపు తీస్తూ కూరాకు కోసుకున్న పెద్దవాళ్లు. మూడోది వృక్షశాస్త్రం చదివిన అధ్యాపకులు. మొలకల విషయంలో నా మొగ్గు నిస్సందేహంగా పెద్దవాళ్ల వైపే. పూసిన మొక్క దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది.

ఫోనులోని సాధనాలన్నీ ఒక తీరుగా పనిచేయవు. గూగుల్ లెన్స్ మీరు తీసిన ఫొటోను పోలిన బొమ్మలను వెతికి ముందు పెడుతుంది. ప్లాంట్‌నెట్ 2009లో ఫ్రాన్స్ పరిశోధన సంస్థలు మొదలుపెట్టిన పని. అది మీరు చూపినది ఆకా, పువ్వా, కాయా, బెరడా అని అడుగుతుంది. ఒకే పేరు చెప్పి ఊరుకోదు, పేర్ల వరుస ఇచ్చి ఒక్కోదానికి ఎంత పొంతన ఉందో శాతంలో చూపుతుంది. ఆ వరుసను చదవడం నేర్చుకోవాలి. మొదటి పేరుకు ముప్ఫై, రెండోదానికి పాతిక శాతం వచ్చిందంటే ఏ పేరూ తేలలేదని అర్థం. ఐనాచురలిస్ట్‌లో యంత్రం ఊహించిన పేరును మనుషులు కూడా పరిశీలిస్తారు. గుర్తించినవారిలో మూడింట రెండు వంతులకు పైగా ఒకే పేరుకు ఒప్పుకుంటేనే అడవి మొక్కకు పరిశోధన స్థాయి ముద్ర పడుతుంది. అందుకే ఫోనులో నేను ఎక్కువగా నమ్మేది దీన్నే. అందులో ఫొటో పెట్టేముందు మీ ఇంటి చోటు కచ్చితంగా కనబడకుండా అమర్చుకోండి.

నర్సరీ నుంచి వచ్చిన పూల మొక్కలు, తోటల్లో పెంచే విదేశీ తీగలు పూసి ఉంటే ఫోను క్షణాల్లో పట్టేస్తుంది. వాటి గురించి ఊళ్లో పెద్దవాళ్లను అడిగి ఇబ్బంది పెట్టడం అనవసరం. రెండాకుల మొలక దగ్గర మాత్రం ఫోను తడబడుతుంది. పైగా దానికి వాసన తెలియదు, కాడ తుంచితే పాలు వస్తాయో రావో తెలియదు, ఆకు వెనక నూగు తడిమి చూడలేదు.

వయ్యారిభామనే తీసుకోండి. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చిన ఈ మొక్క 1950లలో పుణె ప్రాంతంలో కంటబడి, తర్వాత దేశమంతా పాకింది. చర్మంపై దద్దుర్లు, కొందరికి ఆయాసం తెస్తుంది. లేతగా ఉన్నప్పుడు దాని చీలికల ఆకులు మాచిపత్రిని పోలి ఉంటాయి. వినాయక చవితి పత్రి కోసం మాచిపత్రి పెంచే ఇళ్లలో ఈ పోలిక ప్రమాదకరం. మాచిపత్రి ఆకు వెనక తెల్లని నూగు ఉంటుంది, సువాసన ఉంటుంది. పైనుంచి తీసిన ఫొటోలో ఈ రెండూ రావు. అనుమానం ఉన్న ఆకును ఒట్టి చేత్తో నలపకండి. వయ్యారిభామ అని తేలితే తొడుగులు వేసుకుని, పూత రాకముందే వేళ్లతో సహా తీసేయండి.

ఇక కలుపు తీసిన చేతుల సంగతి. గునుగు, చెంచలి, తోటకూర ఒకే కుటుంబానికి చెందినవి, మొలకలో ఒకదానికొకటి దగ్గరగా కనిపిస్తాయి. అవ్వను పిలిచి చూపించండి. నడుం వంచి చూసి ఇది గునుగు, ఇది చెంచలి అని వేరు చేస్తుంది. గునుగు లేతాకు కూరకు పనికొస్తుందని, నాలుగు మొక్కలు ఉంచితే బతుకమ్మకు పూలు ఇంట్లోనే దొరుకుతాయని కూడా చెబుతుంది. పీకాలా వద్దా అన్న మన ప్రశ్నకు ఏ యాప్‌లోనూ ఇంత నిండైన జవాబు రాదు. గంగవాయిలి అని తెచ్చి చూపిస్తే ముందు కాడ విరుస్తుంది. పాలు కారితే అది గంగవాయిలి కాదు, నేలబారుగా పాకే నానబాలు జాతి మొక్క. గంగవాయిలికి పాలు ఉండవు, ఆకు మందంగా ఉంటుంది, పువ్వు పసుపు.

అడిగే తీరు కూడా ముఖ్యం. “ఇది గంగవాయిలేనా అవ్వా?” అంటే మర్యాదకు అవునని అనవచ్చు. “ఇదేం కూర అవ్వా? ఎలా వండుతారు?” అని అడగండి. ఏ వయసులో కోయాలి, పప్పులో వేయాలా వేపుడు చేయాలా అని చెప్పగలిగినవారికి ఆ మొక్క నిజంగా తెలుసు.

ఈ తెలివికీ హద్దులున్నాయి. కూరకో మందుకో పూజకో పనికిరానిదంతా చాలామందికి పిచ్చి మొక్కే. కొత్తగా వచ్చిన జాతులకు ఊళ్లో పేరే ఉండకపోవచ్చు. గలిజేరు, అటికమామిడి లాంటి జంటల్లో మందు సరుకు అమ్మేవాళ్లే ఒకదాని బదులు మరొకటి ఇస్తుంటారు. గలిజేరు పువ్వు ఆకు మొదట్లోనే ఇరుక్కుని ఉంటుంది. అటికమామిడికి సన్నని కాడల చివర చిన్న గులాబీ పూలు వస్తాయి.

ఒక జంట విషయంలో మాత్రం ఒక్కరి మాట మీద ఆగకూడదు. తగిరిస లేతాకును తొలకరిలో కూర వండుతారు. దాన్ని పోలిన కసివింద గింజలు పిల్లలకు విషం. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా పిల్లల ప్రాణాలు తీసిన ఒక జబ్బుకు ఈ గింజలు తినడమే కారణమని వైద్యులు తేల్చారు. తగిరిసకు సాధారణంగా మూడు జతల చిట్టాకులు, కొనలు గుండ్రంగా ఉంటాయి. కాయ సన్నగా, పొడవుగా వంగుతుంది. కసివిందకు నాలుగైదు జతలు, కొనలు మొనదేలి ఉంటాయి. కాయ బల్లపరుపు. ఆకు కాడ మొదట్లో చిన్న బుడిపె కనిపిస్తుంది. పిల్లలు తిరిగే పెరట్లో ఇది కసివిందేమో అన్న అనుమానం వచ్చినా కాయ పట్టేదాకా ఉంచవద్దు.

మూడో దారి నెమ్మదైనది, కానీ తుది మాట అక్కడే. జడ్చర్ల డాక్టర్ బీఆర్ఆర్ ప్రభుత్వ కళాశాలలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉంది. కలుపు విషయమైతే పాలెం, మదనాపురం, కంపాసాగర్, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాలు దగ్గర. ఎవరి దగ్గరికి వెళ్లినా ఒక్క ఆకు పట్టుకుని వెళ్లకండి. పువ్వు, కాయ ఉన్న కొమ్మను, చిన్న మొక్కైతే వేరుతో సహా, వార్తాపత్రికల మధ్య పరిచి బరువు పెట్టండి. మొదటి రోజుల్లో కాగితాలు రోజూ మార్చండి, లేకపోతే బూజు పడుతుంది. ఎండాక పువ్వు రంగు, పాలు, వాసన పోతాయి కాబట్టి కోసినప్పుడే ఒక చీటీ మీద రాసి, మట్టి ఎక్కడి నుంచి తోలించారో కూడా చేర్చి, కొమ్మతో పాటు ఇవ్వండి.