టొరీనోలో రెండేళ్లుగా వాడుతున్న ఒక వాక్యం

చదువు కోసం ఇటలీలోని టొరీనో వచ్చి రెండేళ్లు దాటింది. ఇక్కడ నేను అన్నిటికంటే ఎక్కువగా వాడిన ఇటాలియన్ వాక్యం ఇదే: "చె ఊనా ఫార్మచీయా క్వీ విచీనో?" అంటే, ఇక్కడ దగ్గర్లో మందుల షాపు ఉందా అని. ఫార్మచీయా తీసేసి బస్‌స్టాప్‌కి ఊనా ఫెర్మాతా, ఏటీఎంకి ఉన్ బాంకొమాత్, ఏది పెట్టినా పని జరుగుతుంది. ఉన్, ఊనా రెండూ మన "ఒక" లాంటివే, అవి తారుమారైనా ఇంతవరకు ఒక్కరూ విసుక్కోలేదు.

మనకు "ఉందా" చివర్లో వస్తుంది, వాళ్లకు "చె" మొదట్లోనే వస్తుంది. ప్రశ్న అని తెలిపే ముక్క వేరే ఏదీ లేదు, చివర్లో గొంతు పైకి లేవాలి. అలా లేపకపోతే "దగ్గర్లో షాపు ఉంది" అని మనమే వాళ్లకు చెప్పినట్టవుతుంది. కొత్తలో ఒకాయన నా మాట విని "సీ, సీ" (అవును, అవును) అని తలూపి వెళ్లిపోయాడు. పలకడం మాత్రం మనకు తేలికే, మాటలు చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి. బాత్‌రూమ్‌ని బాఞ్ఞో అంటారు. బడిలో దిద్ది వదిలేసిన ఞ అక్షరం నాకు ఇక్కడ రోజూ పనికొస్తోంది.

ముందు "మీ స్కూజి" (క్షమించండి) అనడం మర్చిపోకండి. అది మనం "మీరు" అని మర్యాదగా పిలిచినట్టు. తోటి విద్యార్థులైతే "స్కూజా" చాలు.

ఒక ఆదివారం రాత్రి నా రూమ్‌మేట్‌కి జ్వరం బాగా ఎక్కువైంది. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దావిడను ఇదే వాక్యంతో అడిగాను. ఉందన్నారు. పరుగెత్తి వెళ్తే షట్టర్ వేసి ఉంది, ఆకుపచ్చ ప్లస్ గుర్తు లైటు కూడా వెలగడం లేదు. నా వెనకే నెమ్మదిగా వచ్చిన ఆవిడ, తలుపుకు అంటించిన కాగితం మీద వేలు పెట్టి "ఫార్మచీయా ది తూర్నో" అని చదివారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న షాపు అడ్రస్ అందులో ఉంది. మూడు వేళ్లు చూపించి, చెయ్యి ఎడమకు తిప్పారు. మూడు వీధులు దాటి ఎడమకు తిరిగితే షాపు దొరికింది.

ఈ వాక్యంతో ఉన్న లోటు నాకు అప్పుడే తెలిసింది. షాపు ఉందా అని అడుగుతుంది కానీ, తెరిచి ఉందా అని అడగదు. అందుకే ఇప్పుడు వెంటనే "ఎ అపెర్తా అదెస్సో?" అని కూడా అడుగుతున్నాను. మధ్యాహ్నం భోజనం వేళ చాలా చిన్న షాపులు మూసేస్తారు, అప్పుడూ ఇదే కాపాడుతుంది.

కొత్తగా వచ్చేవాళ్లకు మొదట కావాల్సింది తబక్కెరీయా. బయట "టి" అక్షరం బోర్డు ఉంటుంది. సిగరెట్లు అమ్మే షాపని దాటి వెళ్లకండి. రెసిడెన్స్ పర్మిట్ అప్లికేషన్‌కి అంటించే 16 యూరోల స్టాంపు, బస్ టికెట్లు అక్కడే దొరుకుతాయి. ఇటలీలో దిగిన 8 పనిదినాల్లోపే ఈ అప్లికేషన్ వేయాలి కాబట్టి, మొదటి వారంలోనే ఈ వాక్యం అవసరపడుతుంది.

బాత్‌రూమ్ గురించి అడిగితే ఎక్కువమంది "బార్" వైపు చూపిస్తారు. అమ్మాయిలూ, టెన్షన్ పడకండి. ఇక్కడ బార్ అంటే కాఫీ హోటల్. కౌంటర్ దగ్గర నిలబడి ఒక కాఫీ తాగి, తర్వాత అడగడం మర్యాద.

ఈ వాక్యానికి ఐదుకి నాలుగున్నర మార్కులు ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గించానంటే, మనం ఒక్క ముక్క అడిగితే జవాబు వరదలా వస్తుంది. అప్పుడు మాటలు వదిలేసి చేతులు చూడండి. సెంప్రె ద్రిత్తో అంటే తిన్నగా, అ దెస్త్రా అంటే కుడికి, అ సినిస్త్రా అంటే ఎడమకు. చివర విన్న మాటను చెయ్యి చూపిస్తూ తిరిగి అనండి. తప్పయితే వాళ్లే మీ చెయ్యి పట్టుకుని సరైన వైపు తిప్పుతారు.