‘ప్చ్’ కూడా హల్లే: !ఖ్వా టులో ఒక రోజు

కేప్ టౌన్ వెళ్లిన మనవాళ్లు టేబుల్ మౌంటెన్, పెంగ్విన్లు చూసి వచ్చేస్తారు. ఇంకో రోజు చేతిలో ఉంటే ఆర్27 రోడ్డు పట్టుకుని ఉత్తరంగా 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న !ఖ్వా టుకి వెళ్లండి. అది ఆ ప్రాంతపు ఆదివాసులైన సాన్ ప్రజల వారసత్వ కేంద్రం. పేరు ముందున్న ‘!’ ఆశ్చర్యార్థకం కాదు, నాలుకతో కొట్టి పలికే హల్లు. ఇలాంటి వాటిని ‘క్లిక్’లు అంటారు. |ఖామ్ అనే సాన్ భాషలో ఆ పేరుకి నీటి గుంట అని అర్థం. ఆ భాష మాట్లాడేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.

బస్సులుండవు. మేం మాట్లాడుకున్న టాక్సీ గంట ఆలస్యంగా వచ్చింది. పొద్దుటి నడక తప్పిపోతుందేమోనని దారంతా టెన్షనే. సొంతంగా కారు అద్దెకు తీసుకోవడం మేలు.

మా గైడ్ కింబర్లీ దగ్గరి ప్లాట్‌ఫోంటైన్ కుర్రాడు. ఇంట్లో !ఖున్ అనే సాన్ భాష మాట్లాడతారట. పొదల మధ్య ఆగి, నోరు తెరిచి, నాలుక ఎక్కడ ఆనించాలో చూపించాడు. మొదటి క్లిక్ పై పళ్ల వెనక నుంచి లాగేది. అచ్చంగా మన ‘ప్చ్’! మా అమ్మ రోజుకు పదిసార్లు అంటుంది. రెండోది నాలుక పక్క నుంచి వస్తుంది, మా తాతయ్య ఎద్దుల్ని అదిలించినట్టే. మూడోది గుర్రపు డెక్కలా టొక్‌మంటుంది. నాలుగోది నాకు పట్టుబడలేదు. విడిగా పలకడం తేలికే, వెంటనే అచ్చు అందుకోవడమే కష్టం. ఒకే మాటను ఓపిగ్గా ఏడెనిమిది సార్లు పలికించాడు.

పెదవులతో ముద్దు చప్పుడులా పలికే ఐదో క్లిక్ తన భాషలో లేదనీ, న్|ఊ అనే మరో సాన్ భాషలో ఉందనీ చెప్పాడు. 1933లో పుట్టిన కత్రినా ఈసౌ గారు అప్పింగ్టన్‌లో తన ఇంట్లోనే పిల్లలకు నేర్పిన భాష అది. దాన్ని ధారాళంగా మాట్లాడే చివరి మనిషిగా ఆవిడ పేరే చెబుతారు.

ముందురోజు కేప్ టౌన్‌లోని ఇజీకో మ్యూజియంలో, సాన్ వాళ్లు గీసిన లింటన్ రాతి చిత్రాన్ని చూశాం. దక్షిణాఫ్రికా రాజచిహ్నంలోని మనుషుల బొమ్మలకు మూలం అదే. చిహ్నం కింది నినాదం |ఖామ్ భాషలో ఉంటుంది. చిత్రం ముందు నుంచి కదలబుద్ధి కాలేదు. కానీ అదే మ్యూజియంలో ఒకప్పుడు, బతికున్న సాన్ మనుషుల ఒంటి మీద మూసలు తీసి చేసిన బొమ్మలను ప్రదర్శనకు పెట్టారు. 2001లో ఆ ప్రదర్శనను మూసేశారు. !ఖ్వా టులో సాన్ వాళ్ల కథ సాన్ వాళ్లే చెబుతారు. ఒక్కటే చూసే వీలుంటే నేను దీనికే వెళ్తాను.

రాత్రి అక్కడి టెంటులోనే ఉన్నాం. సముద్రపు గాలికి చలి బాగా ఉంటుంది, స్వెట్టర్ మర్చిపోవద్దు. పిల్లలుంటే కాటేజీ నయం. ఉండిపోవడం వల్లే మర్నాడు అదే గైడ్ ఇంకో గంట దొరికాడు. నాలుగో క్లిక్ మళ్లీ మొదలుపెట్టాం.