మామిడి పూతకి తేనెటీగల పెట్టెలా, చేపతలల ఈగలా: ఏది మేలు?

విశాఖ దగ్గర ఆనందపురం దాటాక మా మావయ్యకి తోట ఉంది. మూడొంతులు మామిడి, మిగతాది జీడి. సంక్రాంతికి వెళ్తే, పూత బాగా కాయ కట్టడానికి తోటకి దేన్ని రప్పించాలని ఇంట్లో ఒకటే వాదన. తేనెటీగల పెట్టెలు తెచ్చి పెడదామంటాడు బావ. "హార్బర్ నుంచి చేపతలలు తెచ్చి చెట్ల కింద పెడితే చాలురా" అంటాడు మావయ్య. అందరూ నవ్వారు. మామిడి వరకూ నా ఓటు మాత్రం మావయ్యకే.

మామిడి పూగెలలో పూలు వందలు, వేలు. ఎక్కువ మగవే. కాయ కట్టగల పువ్వులోనూ పుప్పొడి ఇచ్చే కేసరం మామూలుగా ఒక్కటే. ఆ కాస్త పుప్పొడిని ఎవరో ఒకరు మోయాలి. తేనె లోతుగా దాచుకునే పువ్వు కాదది, పళ్లెంలో పెట్టినట్టు పైనే ఉంటుంది. పొట్టి మూతి ఈగకి అంతకంటే ఏం కావాలి? తేనెటీగ కూడా వాలుతుంది గానీ, పక్కన జీడి పూతో కొబ్బరి పూతో కనిపిస్తే అటు పోతుంది. పెట్టె మామిడి కిందే పెట్టాం కదా అని మొహమాటపడదు.

చేప వాసనకి వచ్చే ఆకుపచ్చ, నీలం మెరుపు ఈగల్ని తైవాన్, ఆస్ట్రేలియా మామిడి రైతులు కావాలనే పిలుస్తారు. కిటుకంతా టైములోనే ఉంది. చేపతల మీద పెట్టిన గుడ్డు ఈగ కావడానికి పది పన్నెండు రోజులు పడుతుంది కాబట్టి పూత మొగ్గ మీద ఉండగానే పెట్టాలి. పాత డబ్బాలో అడుగున మట్టి పోసి పెడితే పురుగులు అందులోనే గూడు కట్టుకుంటాయి. కుక్కలు లాక్కుపోకుండా పైన పెద్ద కన్నాల జాలీ బిగించాలి. ఖర్చు ఆటో కిరాయే. కంపు గురించి అత్తయ్య అన్నదీ నిజమే, అవే ఈగలు వంటింట్లోకీ వస్తాయి. ఇంటికీ బావికీ బాగా దూరంగా పెట్టాల్సిందే.

జీడి దగ్గర బావ మాటే రైటు. దాని పుప్పొడి జిగురు, గాలికి ఎగిరేది కాదు. తేనెటీగలకి ఆ పూలంటే ఇష్టం, పైగా తేనె మిగులుతుంది. కానీ పెట్టె అంటే ఏడాది పొడుగునా చాకిరీ: పూలు లేని వానల్లో పంచదార పాకం పెట్టాలి, స్టాండు కాళ్ల కింద చీమలకి నీళ్ల గిన్నెలు పెట్టాలి.

నిరుడు ఈ రెండూ ఉన్నా దండగయ్యేది. పూత మీదే ఆ ఏటి కాపు కొన్న వ్యాపారి, పూత రసం పీల్చే తేనెమంచు పురుగు పట్టిందని పూలు విచ్చుకున్నాక పొద్దున్నే మందు కొట్టించాడు. ఆ వారం తోటలో ఝుమ్మన్న చప్పుడే లేదు. కొట్టేదేదో మొగ్గ దశలో కొట్టాలి, తప్పదంటే సాయంత్రం.

ఈగలొచ్చాయని కాపు రెట్టింపవుతుందనీ లెక్క వేసుకోకూడదు. ఎన్ని పిందెలు కట్టినా చెట్టు మోయగలిగినన్నే ఉంచుకుని మిగతావి రాల్చేస్తుంది.

చివరికి జీడి వైపు రెండు పెట్టెలు, మామిడి చివర నాలుగు డబ్బాలు అనుకున్నారు. మందు ఎప్పుడు కొట్టాలో ఈసారి వ్యాపారితో కాగితం మీదే రాయించుకుంటారట. చేపతలలు ఎవరు తేవాలో మాత్రం తేలలేదు. తన బండి మీద అయితే వద్దంటున్నాడు బావ.