ఫ్లోర్ కార్కర్: పాతిక సీసాలకు అరగంట

నిరుడు వైన్ సీసాలకు బిరడాలు బిగించడానికి రెండు పిడుల హ్యాండ్ కార్కర్‌తో (చేత్తో నొక్కే పరికరంతో) పడ్డ అవస్థ ఇంకా మర్చిపోలేదు. మా ఆయన సీసా కదలకుండా పట్టుకుంటే నేను పిడులు నొక్కేదాన్ని. బిరడా సగం దిగి ఆగిపోయేది, మళ్ళీ నొక్కితే వంకరపోయేది. నాలుగు సీసాలు కారిపోయాయి. నెలల తరబడి కాచుకున్న ద్రాక్ష వైన్ అలా పోతే ప్రాణం ఉసూరుమంది.

ఈసారి పోర్చుగల్‌లో తయారైన ఫ్లోర్ కార్కర్, అంటే నేల మీద నిలబెట్టి బిరడాలు బిగించే యంత్రం, కొన్నాం. స్ప్రింగ్ పీట మీద సీసా నిలబెట్టి పొడవాటి పిడి కిందికి దించితే చాలు. యంత్రం దవడలు 24 మిల్లీమీటర్ల వ్యాసమున్న బిరడాను చుట్టూ నొక్కి సన్నం చేస్తాయి, వెంటనే కడ్డీ దాన్ని సీసా మెడలోకి తోసేస్తుంది. మొదటి రెండు బిరడాలు కాస్త పైకి నిలిచాయి. కడ్డీ దగ్గరున్న నట్టు తిప్పి సరిచేశాక అన్నీ అంచుకు సమంగా దిగాయి. ఐదు గ్యాలన్ల వైన్, పాతిక సీసాలు, అరగంటలో పనైపోయింది.

బరువెక్కువే, అపార్ట్‌మెంట్‌లో దాచుకోవడం కష్టం. మా న్యూజెర్సీ ఇంటి గరాజ్‌లో ఓ మూల పెట్టాం. బిరడాలను మాత్రం ఉడకబెట్టకండి, మెత్తబడి చితికిపోతాయి. సల్ఫైట్ (క్రిములను చంపే పొడి) కలిపిన నీళ్ళలో ముంచి తీస్తే సరిపోతుంది. బిగించాక మూడు రోజులు సీసాలను నిలబెట్టే ఉంచి, ఆ తర్వాతే పడుకోబెట్టండి.